మైక్రోవేవ్ గిన్నెల సమీక్ష: గాజు, ప్లాస్టిక్, పింగాణీ, స్టీలులో ఏది దేనికి పనికొస్తుంది

మైక్రోవేవ్ కోసం కొత్తగా ఒక్కటే కొనాలనుకుంటే మూతలున్న బోరోసిలికేట్ (వేడికి ఓర్చే) గాజు గిన్నెల సెట్టు కొనండి. ఈ సమీక్షలో మా తీర్పు అదే. ఓపల్‌వేర్ (పాల తెలుపు గాజు) ప్లేట్లు, పింగాణీ కప్పులు, అడుగున 5 అంకె ఉండే అయిదో నంబరు ప్లాస్టిక్ డబ్బాలు, సిలికాన్ మూతలు ఒక్కోటి ఒక్కో పనికి సరిపోతాయి, మరో పనికి అక్కరకు రావు. డబ్బా అడుగున ‘మైక్రోవేవ్ సేఫ్’ అని ఉంది కదా అని అందులో గుత్తి వంకాయ కూర వేడి చేయకూడదు. గిన్నె కరగదు, పగలదు, నిప్పురవ్వలు రావు అన్నంత వరకే ఆ మాట చెబుతుంది. లోపల ఎంత నూనె ఉంది, ఎన్ని నిమిషాలు పెడుతున్నాం, ఏ మోడ్‌లో పెడుతున్నాం అన్నవి దాని లెక్కలోకి రావు. అసలు తేడా అక్కడే వస్తుంది.

ఓవెన్‌లోని మాగ్నెట్రాన్ 2450 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగాలు పంపుతుంది. అవి తిండిలోని నీటి అణువులను కదిలించి వేడి పుట్టిస్తాయి. ఆ తరంగాలను అడ్డుకోకుండా, తాను పీల్చుకోకుండా లోపలికి వదిలేదే మంచి గిన్నె. కూర వేడి తగిలి గిన్నె కూడా వేడెక్కడం మామూలే. కూర గోరువెచ్చగా ఉండగానే గిన్నె చెయ్యి కాలేంత వేడెక్కిందంటే మాత్రం అది తరంగాలను తానే మింగుతోందన్నమాట. దాన్ని మళ్లీ లోపల పెట్టొద్దు.

ఇంకో సంగతి మన వంటలకు బాగా వర్తిస్తుంది. చారు, పప్పు, అన్నం, ఇడ్లీల్లో నీళ్లు ఎక్కువ కాబట్టి వేడి 100 డిగ్రీల దగ్గర ఆగుతుంది. నూనె తేలే ఇగురు, చికెన్ వేపుడు, బిర్యానీ, బెల్లం పాకం, నెయ్యి ఎక్కువ వేసిన హల్వా అలా కాదు. నీరు ఇగిరిపోయిన చోట నూనె, పాకం 100 దాటి పైకి పోతాయి. కూర వేడి చేసే ప్లాస్టిక్ డబ్బాల లోపలి గోడ మీద, సరిగ్గా నూనె తేలిన ఎత్తులో, తెల్లగా గరుకుగా ఒక వలయం పడుతుంది. తోమినా పోదు. అది మరక కాదు, అక్కడ ప్లాస్టిక్ పైపొర దెబ్బతిన్నదని గుర్తు. ఆ వలయం కనిపించిన డబ్బాను పొడి సరుకులకు వాడుకోండి, వేడి చేయడానికి మళ్లీ తీయకండి.

గాజు గిన్నెలు

గాజులన్నీ ఒకటి కాదు. నీళ్లు తాగే మామూలు గాజు సోడా లైమ్ రకం. వేడికి అది బోరోసిలికేట్ కంటే రెండున్నర రెట్లకు పైగా వ్యాకోచిస్తుంది. ఒక పక్క వేడి, ఒక పక్క చల్లన అయినప్పుడు ఆ సాగుడు తేడాకే గాజు చీలుతుంది. బోరోసిలికేట్‌కు ఆ గుణం తక్కువ కాబట్టే ప్రయోగశాల బీకర్లు దాంతో చేస్తారు. అమెరికాలో కార్నింగ్ కంపెనీ 1915లో పైరెక్స్ పేరుతో దాన్ని వంటింటికి తెచ్చింది. మన దేశంలో బోరోసిల్ 1962లో ఆ కార్నింగ్ సహకారంతోనే మొదలైంది.

అమెరికా నుంచి వచ్చేవాళ్లు పైరెక్స్ గిన్నెలు తెచ్చిపెట్టడం తెలుగు ఇళ్లలో మామూలే కాబట్టి ఒక హెచ్చరిక: ఇప్పుడు అమెరికాలో అమ్మే పైరెక్స్ వంటింటి గిన్నెలు టెంపర్ చేసిన (వేడి చేసి ఒక్కసారిగా చల్లార్చి గట్టిపరచిన) సోడా లైమ్ గాజువి, యూరప్‌లో అమ్మేవి బోరోసిలికేట్‌వి. టెంపర్ గాజు కిందపడితే సులువుగా పగలదు, మైక్రోవేవ్‌లో కూర వేడి చేయడానికి ఏ ఇబ్బందీ లేదు. కానీ ఫ్రిజ్ నుంచి తీసి నేరుగా వేడి ఓవెన్‌లోకి తోస్తే ఒక్కసారిగా ముక్కలై చెల్లాచెదురు కావచ్చు. పేరు చూసి కాకుండా అడుగున, అట్టపెట్టె మీద ‘బోరోసిలికేట్’ అన్న మాట ఉందో లేదో చూసి కొనండి. అంచును పక్క నుంచి చూస్తే ఆకుపచ్చ ఛాయ కొట్టేది చాలావరకు సోడా లైమే.

సైజు దగ్గర చాలామంది పొరపడతారు. అంగళ్లలో బాగా దొరికే 500 మి.లీ., 900 మి.లీ., 1.3 లీటర్ల మూడు గిన్నెల సెట్టు కూరలు, పప్పు, చారు వేడి చేయడానికి సరిగ్గా సరిపోతుంది. వంట చేయడానికి చాలదు. ఒక గ్లాసు సోనా మసూరి (సుమారు 200 గ్రాములు) 20 నిమిషాలు నానబెట్టి, రెండు గ్లాసుల నీళ్లు పోసి వండాలంటే 2 నుంచి 2.5 లీటర్ల గిన్నె కావాలి. చిన్నదైతే గంజి పొంగి తిరిగే పళ్లెం కింద చక్రాల దాకా పోతుంది. 800, 900 వాట్ల ఓవెన్‌లో మూత ఓరగా పెట్టి 12 నుంచి 14 నిమిషాలు, తర్వాత తీయకుండా అయిదు నిమిషాలు వదిలేయాలి. ఆ అయిదు నిమిషాలు తప్పించకండి, మెతుకు లోపల ఉడికేది అప్పుడే. పాలకు కూడా అదే లెక్క, పోసిన పాలకు కనీసం రెండింతలు పట్టే గిన్నె తీసుకోండి.

ఆకారం కూడా చూడాలి. నలుచదరం గిన్నెల్లో మూలలకు రెండు వైపుల నుంచి తరంగాలు చేరి అక్కడి కూర ఎండిపోతుంది, నడుమ చల్లగా ఉంటుంది. గుండ్రం గానీ కోలగా ఉండేది గానీ మేలు. తరంగాలు తిండిలోకి రెండు మూడు సెంటీమీటర్లే బాగా చొచ్చుకుపోతాయి కాబట్టి లోతు కన్నా వెడల్పు ముఖ్యం. లోతైన గిన్నెలో నిండా పోసిన సాంబారును నడుమ ఒకసారి తీసి కలపకపోతే పైన పొగలు కక్కుతూ అడుగున గోరువెచ్చగా మిగులుతుంది.

బోరోసిలికేట్ కూడా పగులుతుంది. చాలాసార్లు అది ఓవెన్ లోపల కాదు, బయటికి తీశాక జరుగుతుంది. వేడి గిన్నెను తడి గ్రానైట్ గట్టు మీద పెట్టడం, తడిగుడ్డతో పట్టుకోవడం, సింక్‌లో కుళాయి కింద పెట్టడం దానికి కారణాలు. పొడి గుడ్డతో తీసి, చెక్క పలక మీదో మడతపెట్టిన పొడి తువ్వాలు మీదో పెట్టండి. డీప్ ఫ్రిజ్‌లో గడ్డకట్టిన గిన్నెనైతే బయట పది నిమిషాలు ఉంచి, మొదట తక్కువ పవర్‌లో మొదలుపెట్టండి. ఇనుప పీచుతో తోమకండి. కంటికి ఆనని గీతలే తర్వాత పగుళ్లకు దారి. అంచు పెచ్చు ఊడిన గిన్నె ఎంత ఖరీదైనదైనా పక్కన పెట్టేయాల్సిందే. ‘గ్యాస్ మీద కూడా పెట్టొచ్చు’ అని ప్రత్యేకంగా రాసి ఉంటే తప్ప పొయ్యి మీద పెట్టొద్దు.

గాజు డబ్బా కొన్నామని మూతను మరచిపోవద్దు. నాలుగు వైపులా గట్టిగా బిగుసుకునే క్లిప్పు మూతలు పాలీప్రొపిలీన్‌వి, వాటి గాడిలో సిలికాన్ వాషర్ ఉంటుంది. క్లిప్పులు వేసి వేడి చేస్తే ఆవిరికి దారి ఉండదు. మూత ఎగిరిపోతుంది, లేదంటే చల్లారాక లోపలికి పీల్చుకుని ఊడి రాదు. క్లిప్పులు తీసి ఊరికే పైన ఆనించండి. మెత్తగా వంగే మూతల మీద తరచూ ప్లాస్టిక్ రకాన్ని చెప్పే 4 అంకె ఉంటుంది, అవి ఫ్రిజ్ కోసమే. వెదురు మూతలు లోపల పెట్టకండి, ఎండి చీలతాయి, జిగురు వదులుతుంది. అన్నిటికన్నా మేలైన మూత సిలికాన్‌ది, అదీ లేకపోతే ఓ పింగాణీ సాసరు చాలు. వాషర్ తీసి కడగకపోతే దాని కింద పులుసు చేరి బూజు పడుతుంది, వారానికోసారైనా విప్పండి.

ఓపల్‌వేర్, పింగాణీ

పాలలా తెల్లగా, పలుచగా, తేలిగ్గా ఉండే లా ఓపాలా, లారా వంటి డిన్నర్ సెట్లు ఓపల్ గాజువి. ప్లేటులో అన్నం కూర పెట్టుకుని రెండు నిమిషాలు వేడి చేసుకోవడానికి ఇంతకన్నా సుఖమైనది లేదు. నూనె అంటదు, పసుపు మరక పట్టదు. వంటకు మాత్రం వద్దు, కన్వెక్షన్‌కు (వేడి గాలితో బేక్ చేసే మోడ్‌కు) అసలే వద్దు. పగిలితే సన్నని వాడి ముక్కలుగా దూరం దాకా ఎగురుతుంది, చిన్నపిల్లలున్న ఇంట్లో ఇది గుర్తుంచుకోవాలి.

పింగాణీ కప్పులు, బౌల్స్ బాగా కాల్చి గ్లేజ్ (గాజులాంటి నున్నటి పూత) పూసినవైతే మంచివే. బంగారు, వెండి అంచు గీత ఉన్నవాటిలో ఆ గీత నిజమైన లోహపు పూత. కొన్ని సెకన్లకే చిటపటమని మెరుస్తుంది, గీత నల్లబడుతుంది. అడుగున కంపెనీ ముద్ర బంగారు రంగులో ఉన్నా అంతే. వెంట్రుకలాంటి పగులున్న కప్పులోకి కడిగినప్పుడు నీరు చేరి, లోపల పెట్టగానే ఆ నీరే వేడెక్కి కప్పు కాలుతుంది. విరిగిన పిడిని జిగురుతో అతికించిన కప్పులూ పనికిరావు.

ఊరగాయ జాడీల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పాతకాలం జాడీల గ్లేజ్‌లో సీసం ఉండొచ్చు. పులుపు, వేడి రెండూ కలిస్తే అది తిండిలోకి ఎక్కువగా ఊరుతుంది. ఏ కంపెనీవో తెలియని రంగురంగుల చేతిపని బౌల్స్‌కూ ఇదే వర్తిస్తుంది. చింతపండు పులుసు, నిమ్మకాయ పులిహోర, టమాటా పచ్చడి వాటిలో వేడి చేయకండి. గ్లేజ్ లేని మట్టికుండ నీళ్లు పీల్చుకుంటుంది, ఆ నీళ్లు ఆవిరై కుండ చీలుతుంది. మట్టి గ్లాసులో చాయ్ మైక్రోవేవ్‌లో పెట్టకపోవడమే మంచిది.

ప్లాస్టిక్

డబ్బా అడుగున ముక్కోణంలో ఉన్న అంకెను చూడండి. అందులో 5 అంటే పాలీప్రొపిలీన్, సుమారు 160 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మైక్రోవేవ్‌కు అమ్మే ప్లాస్టిక్ దాదాపు అంతా ఇదే. అంకె 1 నీళ్ల సీసాలు, పారదర్శకమైన మిఠాయి డబ్బాలది, 70, 80 డిగ్రీలకే మెత్తబడి ముడుచుకుంటుంది. అంకె 6 థర్మోకోల్ కప్పులు, గట్టిగా పుటుక్కున విరిగే పారదర్శక మూతలది. అంకె 3 పీవీసీ. అంకె 7లో పాలీకార్బొనేట్ కూడా వస్తుంది, దాని తయారీలో బిస్ఫినాల్ ఏ అనే రసాయనం వాడతారు. ఈ నాలుగూ వద్దు. అంకె 5 కూడా దానంతట అదే హామీ కాదు, అది ప్లాస్టిక్ రకాన్ని మాత్రమే చెబుతుంది. దాని పక్కన అలల గుర్తు గానీ ‘మైక్రోవేవ్’ అన్న మాట గానీ ఉండాలి, గ్లాసు-ఫోర్కు గుర్తు ఉంటే ఆహారానికి పనికొచ్చే రకమని అర్థం.

భారత ఆహార భద్రతా సంస్థ 2018 ప్యాకేజింగ్ నిబంధనల ప్రకారం ప్లాస్టిక్ నుంచి ఆహారంలోకి ఊరే మొత్తం పదార్థం కిలోకు 60 మిల్లీగ్రాములు దాటకూడదు. ఇది పరిమితి, సున్నా కాదు. నెబ్రాస్కా-లింకన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2023లో ప్రచురించిన అధ్యయనంలో, మూడు నిమిషాలు మైక్రోవేవ్ చేసిన కొన్ని డబ్బాల నుంచి చదరపు సెంటీమీటరుకు 42 లక్షల దాకా మైక్రోప్లాస్టిక్ కణాలు, 200 కోట్లకు పైగా ఇంకా సన్నని నానోప్లాస్టిక్ కణాలు వెలువడ్డాయి. ఆ డబ్బాల్లో పోసింది నీళ్లు, పలుచని ఆమ్లమే. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2018లోనే, వీలైనంత వరకు ఆహారాన్నీ, పాపాయి పాలనూ ప్లాస్టిక్‌లో మైక్రోవేవ్ చేయొద్దని చెప్పింది. పాలసీసాను మైక్రోవేవ్‌లో పెట్టకపోవడానికి ఇంకో కారణముంది. సీసా పైకి చల్లగా ఉన్నా లోపల అక్కడక్కడ పాలు మరిగి పాప నోరు కాలుతుంది. వేడినీళ్ల గిన్నెలో సీసా నిలబెట్టి వెచ్చబరచండి.

మరి ప్లాస్టిక్ అసలు వద్దా? రోజూ ఆఫీసుకు గాజు డబ్బా మోయడం అందరి వల్లా కాదు. పెరుగన్నం, ఉప్మా, ఇడ్లీ లాంటి నూనె తక్కువ పదార్థాలను అయిదో నంబరు డబ్బాలో ఒకటి రెండు నిమిషాలు వేడి చేసుకోవడం పెద్ద భయపడాల్సిన పని కాదు. నూనె కూర, పులుసు, తీపి మాత్రం ప్లేటులోకి తీసుకుని వేడి చేయండి. రంగు మారిన, గరుకెక్కిన, ఓసారి వంకరపోయిన డబ్బాను మార్చేయండి.

మైక్రోవేవ్ ఇడ్లీ స్టాండ్ ఈ తరగతిలో కొనదగిన వస్తువు. అడుగున ఒక కప్పు నీళ్లు, గుంటలకు చుక్క నూనె, పిండి ముప్పావు వంతు, మూత పెట్టి 4 నుంచి 5 నిమిషాలు, మరో రెండు నిమిషాలు ఆగి తీయాలి. ఆవిరి మీదే ఉడుకుతుంది కాబట్టి వేడి 100 దాటదు. నీళ్లు మరచిపోతే ప్లాస్టిక్ వంకరపోతుంది. ప్లాస్టిక్ రైస్ కుక్కర్లు పనిచేస్తాయి గానీ గాజు గిన్నె ఉన్న ఇంటికి అవసరం లేదు.

కర్రీ పాయింట్ నుంచి వచ్చే పలుచటి కవర్లను, ముడి వేసి ఉన్నవైనా విప్పినవైనా, లోపల పెట్టకండి. హోటల్ పార్సిల్ నల్ల డబ్బాలు చాలావరకు ఒకసారి వాడి పారేసేందుకు చేసినవి. అందులో బిర్యానీ తిరిగి వేడి చేస్తే నెయ్యి తగిలిన మూలలు మెత్తబడతాయి. ముందు ప్లేటులోకి ఒంపండి, రెండు స్పూన్ల నీళ్లు చల్లి మూత పెట్టి వేడి చేస్తే మెతుకు కూడా బిరుసెక్కదు.

చూడ్డానికి పింగాణీలా ఉండి, గోటితో కొడితే డొక్కు శబ్దం వచ్చే టిఫిన్ సెంటర్ ప్లేట్లు మెలమైన్‌వి. వాటిని లోపల పెట్టడం పూర్తిగా మానేయాలి. మెలమైన్ తానే తరంగాలు పీల్చి వేడెక్కుతుంది, 70 డిగ్రీలు దాటితే ఫార్మాల్డిహైడ్, మెలమైన్ ఎక్కువగా ఊరతాయని జర్మనీ ప్రమాద అంచనా సంస్థ హెచ్చరించింది.

స్టీలు, ఫాయిల్, కాగితం

స్టీలు గిన్నెలో పెడితే ఓవెన్ పేలిపోతుందన్న భయం అతిశయోక్తి. లోహం తరంగాలను వెనక్కి తిప్పుతుంది కాబట్టి కూర సరిగా వేడెక్కదు, మొనలు, అంచులు, గోడకు దగ్గరైన చోట్ల నిప్పురవ్వలు రావచ్చు, ఓవెన్ పాడవొచ్చు. స్పూను, ఫోర్కు గిన్నెలో మరచిపోకండి.

ఇటీవల ‘మైక్రోవేవ్ సేఫ్ స్టీల్’ లంచ్ బాక్సులు అమ్ముతున్నారు. లోపల ఒంటి పొర స్టీలు, బయట ప్లాస్టిక్ తొడుగు. తొడుగు వల్ల లోహం ఓవెన్ గోడకు తగలదు, తరంగాలు పైనుంచి మాత్రమే లోపలికి వెళతాయి. పనిచేస్తుంది గానీ అడుగున చల్లగా మిగులుతుంది. మూత పూర్తిగా తీసి, పళ్లెం మధ్యలో పెట్టి, ఒక్కటొక్కటిగా, నడుమ కలుపుతూ వేడి చేయాలి. మీ ఓవెన్ పుస్తకంలో లోహం వద్దని ఉంటే ఆ మాటే పాటించండి. వేడి నిలిచే రెండు పొరల స్టీలు డబ్బాలు దీనికి పనికిరావు.

పెళ్లిళ్లలో మిగిలిన వెండిరంగు కాగితం ప్లేట్లు, బఫే ప్లేట్లు చాలా ఇళ్లలో ఉంటాయి. ఆ మెరుపు లోహపు పొర, రవ్వలొచ్చి కాగితం అంటుకుంటుంది. లోపల ఫాయిల్ అంటించిన చికెన్ పార్సిల్ కవర్లు, పిన్ను కొట్టిన టీ బ్యాగులు, తీగ ఉన్న ముడులు కూడా అంతే. కాగితం కప్పు లోపల పలుచటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, అందులో టీ మళ్లీ వేడి చేయకండి. బజ్జీల న్యూస్‌పేపర్‌ను మైక్రోవేవ్‌లోనే కాదు, ప్లేటులో కూడా వాడొద్దు. సిరా నూనెలో కరుగుతుంది, ఆహారం చుట్టడానికి దాన్ని వాడకూడదని నిబంధనలే ఉన్నాయి. తెల్లటి కిచెన్ టిష్యూ ఒకటి రెండు నిమిషాలకు పర్వాలేదు. అప్పడాలకు ఏ గిన్నే అక్కర్లేదు, గాజు పళ్లెం మీదే 40 నుంచి 60 సెకన్లు.

మోడ్ మారితే గిన్నె మారాలి

మన అంగళ్లలో ఎక్కువగా అమ్ముడయ్యే కన్వెక్షన్ మోడళ్లతో వచ్చే చిక్కు ఇది. మైక్రోవేవ్ మోడ్‌లో వాడిన ప్లాస్టిక్ మూతను మరచిపోయి 180 డిగ్రీల కన్వెక్షన్ పెడితే అది కరిగి అంటుకుపోతుంది. కన్వెక్షన్‌లో బోరోసిలికేట్, సిలికాన్, అల్యూమినియం కేకు గిన్నె పనికొస్తాయి. గ్రిల్‌కు ఓవెన్‌తో వచ్చిన స్టాండ్, దాని మీద వేడికి ఓర్చే గాజు. మైక్రోవేవ్‌తో కన్వెక్షన్ గానీ గ్రిల్ గానీ కలిసే కాంబినేషన్ మోడ్‌లో ప్లాస్టిక్ వద్దు, మీ సొంత లోహపు గిన్నె వద్దు. ఇంతకుముందే కన్వెక్షన్ వాడి ఉంటే లోపలి గోడలు వేడిగా ఉంటాయి, ప్లాస్టిక్ పెట్టేముందు చల్లారనివ్వండి.

పోపు గురించి చాలామంది అడుగుతారు. నూనె తరంగాలను సరిగా పీల్చుకోదు, ఆవాలు చిటపటలాడడానికి నిమిషాలు పడుతుంది, ఆలోపు గాజు బాగా కాలిపోతుంది. ప్లాస్టిక్‌లో అయితే ప్రమాదమే. పోపు పొయ్యి మీదే పెట్టుకోండి. పల్లీలు, రవ్వ వేయించడమూ గాజులోనే, 30 సెకన్లకోసారి కలుపుతూ. ఒట్టి నీళ్లు నున్నటి కొత్త గాజు గ్లాసులో మరిగిస్తే బుడగలు రాకుండానే 100 దాటి, స్పూను వేయగానే ఒక్కసారిగా ఎగజిమ్ముతాయి. ముందే ఒక చెక్క గరిట వేసి పెట్టండి.

ఏ గుర్తూ లేని గిన్నె మీద అనుమానముంటే ఇలా చూడండి. లోహం, బంగారు గీత లేవని నిర్ధారించుకుని ఖాళీ గిన్నెను లోపల పెట్టి, పక్కన గాజు గ్లాసులో 250 మి.లీ. నీళ్లు ఉంచండి. హై పవర్ మీద ఒక నిమిషం. నీళ్లు వెచ్చగా, గిన్నె చల్లగా ఉంటే వాడొచ్చు. గిన్నె కాలిందంటే వద్దు. నీళ్ల గ్లాసు పెట్టకుండా ఓవెన్‌ను ఉత్తినే తిప్పకండి, తిరిగివచ్చే తరంగాలు మాగ్నెట్రాన్‌ను దెబ్బతీస్తాయి. ఈ పరీక్ష గిన్నె వేడెక్కుతుందో లేదో మాత్రమే చెబుతుంది, సీసం గురించీ ప్లాస్టిక్ ఊరడం గురించీ ఏమీ చెప్పదు.

లోహం ఏదీ లేకుండానే రవ్వలు వస్తుంటే గిన్నెను తిట్టేముందు ఓవెన్ లోపలి పక్క గోడ చూడండి. అక్కడ అట్టముక్కలా కనిపించేది మైకా రేకు. తరంగాలు వచ్చే దారికి అది మూత. దాని మీద చింది ఎండిన నూనె, పులుసు మరకలు మాడి బొగ్గవుతాయి, ఆ బొగ్గు దగ్గరే రవ్వలు. వెంటనే స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, చల్లారాక తడిగుడ్డతో తుడవండి. నల్లగా కాలి ఉన్నా, రంధ్రం పడినా కొత్త మైకా రేకు వేయించే దాకా ఓవెన్ వాడకండి. రేకు చౌకైనదే, సర్వీసువాళ్ల దగ్గర దొరుకుతుంది. కూర మీద మూత ఆనించి పెట్టే ఇంట్లో అది చాలాకాలం మన్నుతుంది.